సమగ్రప్రతి యనగా నేమి? – రెండు అమెరికన్ హాస్య ధారావాహికల పాఠవిచారము

ఒక గ్రంథము సమగ్రముగా లభించినదనుటకు మనము సాధారణముగా చూపు ప్రమాణము సంఖ్య. ఆశ్వాసములన్నియు ఉన్నవా, పద్యముల లెక్క సరిపోయినదా యని చూచి తృప్తిపడుదుము. పాఠపరిష్కరణమునందు కొంత పరిశ్రమ చేసినవారికి ఈ ప్రమాణము చాలదని తెలియును. లెక్క సరిపోయిన ప్రతిలోను పాఠము మారియుండవచ్చును. మారినదను సూచన కూడ లేకయుండవచ్చును. ఈ విషయమును తాళపత్రములకు దూరమైన క్షేత్రమున, అనగా టెలివిజన్ హాస్య ధారావాహికలయందు, పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. కొలదికాలము మాత్రమే ప్రసారమై నిలిచిపోయిన ఒక ధారావాహికకు, ఇంట చూచుకొనదగిన సంపూర్ణమైన ప్రతి కావలెనని అభిమానులు కోరిన కోరికలో ఒక మంచి విమర్శసూత్రము ఇమిడియున్నదని నా యభిప్రాయము.

ఆ ధారావాహిక పేరు ‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’. పాల్ ఫీగ్ దీని సృష్టికర్త. జడ్ ఆపటో నిర్మాతలలో ముఖ్యుడు. 1980-81 విద్యాసంవత్సరమున మిషిగన్ రాష్ట్రములోని ఒక కల్పిత పట్టణమున నడచు కథ యిది. చదువులో ముందున్న లిండ్సే యను బాలిక బడి యెగవేయు అల్లరి గుంపుతో చేరుట, ఆమె తమ్ముడు శామ్ తోడి బాలురచేత ఎగతాళి పాలగుట – ఈ రెండు పాయలుగా కథ సాగును. గంట నిడివి కలది, వెనుక ప్రేక్షకుల నవ్వుల ధ్వని లేనిది కావున, దీనిని సిట్‌కామ్ అను పేరుతో పిలుచుట పూర్తిగా సరికాదు. హాస్యకరుణముల మిశ్రమ మనుట మేలు. 1999 సెప్టెంబరులో ఎన్.బి.సి. సంస్థ దీనిని ప్రారంభించెను. నిర్మించినవి 18 భాగములు. 2000 మార్చి నాటికి 12 భాగములు ప్రసారము చేసి, చూచువారు చాలినంతమంది లేరని సంస్థ దానిని విరమించెను.

మిగిలిన వాని చరిత్ర పాఠపరిశోధకులు గమనింపదగినది. 2000 జూలైలో ఎన్.బి.సి. మరి మూడు భాగములు ప్రసారము చేసెను. అందులో ముగింపు భాగము కూడ కలదు. తక్కిన మూడు భాగములు ఆ సంవత్సరమే సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వేరొక సంస్థ ద్వారా వెలువడెను. అనగా కథ ముగిసిన పిదప కథామధ్యములోని భాగములు వచ్చినవన్నమాట. ఆ మూటిలో ఒకటి వరుసలో నాల్గవది. లిండ్సేకును, ఆమెను మొదట ద్వేషించిన కిమ్ కెల్లీ యను బాలికకును చెలిమి ఎట్లు కుదిరినదో చెప్పునది అదియే. ఎన్.బి.సి.లో మాత్రమే చూచినవారికి నిన్నటి శత్రువు నేడు మిత్రము, నడుమ కారణము శూన్యము. తాళపత్రప్రతిలో ఆకులు తారుమారైనపుడు కథకు ఏ గతి పట్టునో దీనికిని అదే గతి పట్టినది. అభిమానులు మొదట కోరినది ఈ లోపమును తీర్చుమనియే: 18 భాగములును, కర్త ఉద్దేశించిన వరుసలో.

ఇంతమాత్రమే అయినచో వారి కోరిక సంఖ్యాప్రమాణమును దాటియుండెడిది కాదు. అసలు చిక్కు సంగీతమునందు కలదు. ఈ ధారావాహికలో 1980 నాటికి అమెరికన్ యువకులు వినుచుండిన రాక్ పాటలు విరివిగా వాడబడినవి. ఇట్లు వాడుకొనుటకు పాటను రచించినవారి హక్కు, గానమును ముద్రించిన రికార్డు హక్కు – రెండింటికిని వేర్వేరుగా అనుమతి పొందవలెను. ప్రసారమునకు పొందిన అనుమతి ఇంటి ప్రతులకు తనంతట వర్తింపదు. మరల రుసుము చెల్లింపవలెను. ప్రసిద్ధులైన గాయకుల పాటలకు ఆ రుసుము సామాన్యము కాదు. ప్రచురణకర్తలకు సులభమైన మార్గము ఒకటే: ఖరీదైన పాటను తొలగించి, చవుకగా దొరకు సంగీతమును ఆ స్థానమున చేర్చుట. సంభాషణము మారదు, నటులు మారరు, భాగముల లెక్క తగ్గదు. మరి నష్టమేమి?

నష్టమేమో మొదటి భాగములోని చివరి ఘట్టమే చెప్పును. పాఠశాలలో నృత్యోత్సవము జరుగుచున్నది. శామ్ తాను ఆరాధించు సిండీని తనతో నృత్యము చేయుమని అడుగుటకు ధైర్యము కూడగట్టుకొనును. వినిపించుచున్నది స్టిక్స్ బృందము వారి ‘కమ్ సెయిల్ అవే’. ఆ పాట మందగతిలో ప్రారంభమై, నడుమ హఠాత్తుగా ద్రుతగతి నందుకొనును. మందగతి నృత్యమైనచో ఆమె చేతులు పట్టుకొని నిలిచిన చాలును. శామ్ లెక్క అదియే. వారిద్దరును రంగస్థలము చేరుసరికి పాట గతి మారిపోవును. బాలుడు ఒక్కక్షణము దిగ్భ్రాంతుడై, పిదప తెగించి ఆడసాగును. ఇచ్చట పాట అలంకారము కాదు, ఘట్టమునకు కీలకము. విఘ్నము కలిగించినదియు పాటయే, బాలుని సిగ్గు విడిపించినదియు పాటయే. దాని స్థానమున వేరొక పాటను పెట్టినచో దృశ్యము ఉండును, అర్థము ఉండదు. ముగింపు భాగమునందును ఇంతే. లిండ్సే జీవితమార్గము మారుటకు గ్రేట్‌ఫుల్ డెడ్ బృందము వారి ‘అమెరికన్ బ్యూటీ’ రికార్డు ప్రేరకము. ఆ పాటలు వినిపింపనిచో ఆమె నిర్ణయము అకారణమగును.

ఈ భయము ఊహామాత్రము కాదనుటకు మరియొక ధారావాహిక సాక్షి. 1978 నుండి 1982 వరకు సి.బి.ఎస్. ప్రసారము చేసిన ‘డబ్ల్యు.కె.ఆర్.పి. ఇన్ సిన్సినాటీ’ అచ్చమైన సిట్‌కామ్. హ్యూ విల్సన్ సృష్టించిన ఈ ధారావాహికకు 90 భాగములు కలవు గనుక ఇది అల్పాయువు కాదు. కథాస్థలము ఒక రేడియో కేంద్రము. కావున పాటలు కథలోనే పుట్టును. ఫిలింపై గాక వీడియో టేపుపై చిత్రించుటవలన ఆనాడు పాటల రుసుము తక్కువయ్యెను. ఆ అనుమతులు గడువు తీరినవి. 1990 తరువాతి పునఃప్రసారములలో అసలు పాటలకు బదులు అనామక సంగీతము చేరినది. 2007లో మొదటి సంవత్సరపు భాగములు డి.వి.డి.గా వచ్చినప్పుడు పాటలు పెక్కు మారియుండెను. 1978 నాటి ఒక భాగములో పింక్ ఫ్లాయిడ్ బృందము పాట వినబడుచుండగా కేంద్రాధికారి, ఆ పాటలో కుక్కల అరుపులు వినబడుచున్నవా యని సంశయించును. పాట ఉన్నంతవరకే ఆ హాస్యము బ్రతుకును. పాత ప్రసారములను ఇంట టేపులపై పట్టియుంచుకొన్నవారు ఉండబట్టి మార్పులు బయటపడినవి. ఆ టేపులే ఇచ్చట ప్రాచీనప్రతులు.

ఈ వెలుగులో ‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’ అభిమానుల వర్తనమును పరిశీలింపవలెను. వేలాదిమంది సంతకములు చేసి విజ్ఞప్తి పంపిరి. అయినను ప్రతి వెంటనే రాలేదు. పాటలన్నిటికిని రుసుము చెల్లించుటకు సిద్ధపడు ప్రచురణకర్త దొరకువరకు ఆలస్యము జరిగినది. తుదకు 2004 ఏప్రిలులో షౌట్ ఫ్యాక్టరీ సంస్థ 18 భాగములను అసలు సంగీతముతో ఆరు డిస్కులలో వెలువరించెను. త్వరగా వచ్చు వికలప్రతి కంటె ఆలస్యముగా వచ్చు అవికలప్రతి మేలని ఈ చరిత్ర నిరూపించినది. అదే సంస్థ 2014లో ‘డబ్ల్యు.కె.ఆర్.పి.’ని కూడ ప్రచురించి పాటలను చాలవరకు పునరుద్ధరించెను, అన్నిటిని పునరుద్ధరింపజాలకపోయెను.

మన సాహిత్యచరిత్రలో ఇట్టి కోరిక క్రొత్తది కాదు. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ 1887లో పైడిపాటి వేంకటనరసు పరిష్కరణముతో అచ్చయినది. అందు కవయిత్రి స్వీయవంశమును చెప్పుకొన్న అవతారికయు, కొన్ని పద్యములును విడువబడినవి. బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి పోల్చిచూచి, లోపములను గుర్తించి, 1910లో సమగ్రముగా ప్రకటించెను. పిమ్మట నిషేధింపబడిన ఆ కావ్యము 1952లో మరల ముద్రితమయ్యెను. అచ్చట లోపమునకు కారణము నీతిని గూర్చిన భయము. ఇచ్చట రుసుమును గూర్చిన భయము. కారణములు వేరైనను ఫలము ఒకటే: చదువరికి తెలియకుండ పాఠము తగ్గినది. రెండు తావులను దానిని కనిపెట్టినది పండితమండలి కాదు, కృతిని ప్రేమించిన వ్యక్తులు. ప్రేమించినవాడే పంక్తి పంక్తి ఎరిగియుండును. కావున అభిమానుల పట్టుదలను చాపల్యమని త్రోసివేయుట పరిశోధకునకు తగదు.

అయినను రెండు ఆక్షేపణములకు సమాధానము చెప్పవలెను. పాటల హక్కుదారులు కోరు రుసుము అన్యాయమని నేననను. కవికి తన పద్యముపై గల హక్కు గాయకునికి తన పాటపై కలదు. ఒకరి కృతిని సంపూర్ణము చేయుటకు మరియొకరి కష్టమును ఉచితముగా గైకొనుట న్యాయము కాదు. రెండవది: ఏమియు లేకుండుట కంటె వికలప్రతియైన మేలు గదా యనునది. ఈ మాటలో నిజము కలదు. శిథిలప్రతియే శరణ్యమైన కృతులు మనకును కలవు. కాని శిథిలప్రతి తన శైథిల్యమును దాచదు. తెగిన ఆకు తెగినట్లే కనబడును. పాట మార్చిన ప్రతి తాను మారినట్లు చెప్పదు. ఆక్షేపింపవలసినది లోపమును కాదు, లోపమును కప్పిపుచ్చుటను.

ఈ విచారము వలన తేలిన సూత్రమిది. సమగ్రప్రతికి మూడు లక్షణములు కావలెను: భాగములన్నియు ఉండుట, అవి సరియైన క్రమమున ఉండుట, పాఠము మారకుండుట లేదా మారినచోట ఆ మార్పును తెలుపుట. మూడవది తీర్చలేని ప్రచురణకర్త తొలగించిన పాటల పట్టికను ప్రతితో జతచేసిన చాలును. అందులకు రుసుము లేదు. 2016లో ‘ఫ్రీక్స్ అండ్ గీక్స్’ బ్లూరే రూపమున వచ్చినప్పుడు ప్రసారకాలపు చతురస్రప్రాయమైన చిత్రమును, విశాలమైన చిత్రమును రెండింటిని ఇచ్చినారు. పాఠభేదమును దాచక చూపు పద్ధతికి ఇది మంచి ఉదాహరణము.

నేడు మన విద్యార్థులు చలనచిత్రములపైనను, టెలివిజన్ ధారావాహికలపైనను సిద్ధాంతవ్యాసములు వ్రాయుచున్నారు. కావ్యముపై వ్రాయునపుడు ఏ ముద్రణము ననుసరించినారో తెలుపుదురు. దృశ్యకృతులపై వ్రాయునపుడు ఈ నియమమును పాటించువారు అరుదు. చేతికి దొరకిన ప్రతినే మూలమని నమ్మి, అందలి సంగీతమును గూర్చి ప్రశంసయో నిందయో చేసినచో, కర్త ఎరుగని పాటకు కర్తను బాధ్యుని చేసినట్లగును. కావున వ్యాసారంభముననే ఏ ప్రతిని చూచినారో, అది యే సంవత్సరమున వెలువడినదో, అందు మార్పులేమో తెలుపుట పరిశోధకుని ప్రథమకర్తవ్యము.