తెరమీదికి రాని ఇల్లాలు

సినిమా మొదలై ముప్పావుగంట దాటింది. మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, "అమ్మాయ్, అసలాయన ఎప్పుడొస్తాడే?" అన్నారు.

"రారు అత్తయ్యగారూ. చివరిదాకా కనిపించరు."

"అదేం సినిమా! కథంతా ఆయనదేనన్నావుగా?"

ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. రాముడన్నా కృష్ణుడన్నా ఎన్.టి. రామారావు ముఖమే కళ్ళముందు కదిలే తరం ఆవిడది. 1978లో 'కరుణామయుడు' వచ్చాక క్రీస్తంటే విజయచందరే అయి కూచున్నాడు. మహానుభావుల్ని కళ్ళారా చూసుకోవడం మనకి అలవాటు.

మేం చూస్తున్నది ముస్తఫా అక్కాద్ తీసిన 'ది మెసేజ్'. 1976 నాటి చిత్రం. ఇస్లాం ప్రవక్త ముహమ్మద్, ఆయన వెంట నడిచిన తొలి ముస్లింల కథ. ప్రవక్తకి రూపం కల్పించకూడదన్న నియమాన్ని చాలామంది ముస్లింలు పాటిస్తారు. అందుకని సినిమాలో ఆయన కనబడరు, గొంతు వినబడదు. ఎదుటివాళ్ళు కెమెరా వంక చూస్తూ మాట్లాడతారు. అంటే ఆయన ఉన్నచోట మనం ఉన్నామన్నమాట. మదీనా చేరిన రోజున ఆయన ఒంటె ఎక్కడ ఆగుతుందోనని ఊరంతా దాని వెంట నడుస్తుంటే, మనిషి కనబడలేదన్న సంగతే మరిచిపోతాం. బానిసగా బాధలుపడ్డ బిలాల్ మొదటిసారి అజాన్ పిలిచినప్పుడు మా అత్తగారు కూడా సర్దుకుని కూచున్నారు. ఒకే కథని ఇంగ్లీషులో ఒకసారి, అరబ్బీలో వేరే నటులతో ఒకసారి తీశాడాయన. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కనబడని మనిషి చుట్టూ దాదాపు మూడు గంటల కథ నడపడం సామాన్యం కాదు.

అక్కడితో ఊరుకుంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. కాసేపాగి ఆవిడ మళ్ళీ అడిగారు: "పోనీ ఆయన సరే. ఆయన ఇల్లాలేదే?"

నా దగ్గర జవాబు లేదు. ఈ సినిమాలో కనబడనిది ప్రవక్త ఒక్కరే కాదు. ఆయన భార్యలూ, కూతుళ్ళూ, అల్లుళ్ళూ, తొలి ఖలీఫాలూ కూడా కనబడరు. గౌరవం కోసం వేసిన తెర వెనక్కి ఇల్లు మొత్తం వెళ్ళిపోయింది. యుద్ధభూమి మిగిలింది, బజారు మిగిలింది. ఇల్లు లేదు.

లేకపోతే ఏం పోయింది అంటారా? చాలా పోయింది. 8వ శతాబ్దంలో ఇబ్న్ ఇస్హాక్ రాయగా, తరవాత ఇబ్న్ హిషాం పరిష్కరించిన జీవితచరిత్ర ఉంది. అందులోనూ, హదీసుల్లోనూ ఆ ఇల్లు స్పష్టంగా కనిపిస్తుంది. ఖదీజా మక్కాలో పేరున్న వర్తకురాలు. ముహమ్మద్ నమ్మకస్తుడని విని, సిరియాకి వెళ్ళే బిడారుతో తన సరుకు ఆయన చేతికి అప్పగించింది. లెక్క చూసుకుంది, మనిషినీ చూసుకుంది. స్నేహితురాలి ద్వారా పెళ్ళి కబురు తానే పంపింది. అప్పటికి ఆవిడ వితంతువు. ఆయనకి 25 ఏళ్ళు, ఆవిడకి 40 అని సంప్రదాయం. 28 అన్నవాళ్ళూ ఉన్నారు. వయసు సంగతి అలా ఉంచండి. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆయన మరో పెళ్ళి చేసుకోలేదు.

610లో హిరా గుహలో మొదటి దివ్యవాణి వినిపించినప్పుడు, తనకేమైందో తెలియక వణికిపోతూ ఆయన ఇంటికొచ్చి దుప్పటి కప్పమన్నారు. ఆవిడ కప్పింది. గగ్గోలు పెట్టలేదు. బంధువుల్ని ఆదుకునే మనిషిని, లేనివాళ్ళకి సాయపడే మనిషిని దేవుడు చెడనివ్వడని ధైర్యం చెప్పింది. ఆపైన పాత గ్రంథాలు తెలిసిన తన బంధువు వరకా దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మాట నమ్మిన మొట్టమొదటి మనిషి ఆవిడే. మతం మొదలైంది ఆ ఇంట్లో. మనకి గుహ చూపించి, ఇల్లు చూపించకపోతే సగం కథే చూసినట్టు.

ఇంకొక్క సంగతి. 628లో హుదైబియా దగ్గర సంధి కుదిరింది. ఆ ఏడు మక్కాలోకి వెళ్ళకుండా వెనుదిరగాలని షరతు. అనుచరులకి మనసు విరిగిపోయింది. ఖుర్బానీ ఇచ్చి తల గొరిగించుకోమని ప్రవక్త మూడుసార్లు చెప్పినా ఒక్కరూ లేవలేదు. ఆయన గుడారంలోకి వెళ్ళి భార్య ఉమ్మె సలమాతో చెప్పుకున్నారు. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు మీరు వెళ్ళి మీ ఒంటెని ఖుర్బానీ ఇవ్వండి, తల గొరిగించుకోండి అని ఆవిడ సలహా ఇచ్చింది. ఆయన అలాగే చేశారు. చూసినవాళ్ళందరూ లేచారు. సినిమా పెట్టుకున్న నియమం ప్రకారం ఆ గుడారంలోకి కెమెరా వెళ్ళలేదు.

మరి సినిమాలో ఆడవాళ్ళే లేరా అంటే, ఉన్నారు. కొడుకు అమ్మార్ తెచ్చిన కొత్త విశ్వాసాన్ని వదలక ప్రాణమిచ్చిన సుమయ్యా ఉంది. బద్ర్ యుద్ధంలో తండ్రినీ అన్ననీ పోగొట్టుకుని, హమ్జాని చంపడానికి వహ్షీ అనే బానిసని పురమాయించిన హింద్ ఉంది. ఇంగ్లీషులో ఐరీన్ పపాస్, అరబ్బీలో మునా వాసిఫ్ ఆ పాత్రకి ప్రాణం పోశారు. కానీ ఒకామె ఏడిపించడానికి, ఒకామె భయపెట్టడానికి. ఆలోచించే ఆడది, వ్యాపారం చేసే ఆడది, సలహా చెప్పే ఆడది తెరమీదికి రాలేదు. సినిమా చూసి లేచిన పిల్లకి తొలి ముస్లిం సమాజంలో ఆడవాళ్ళంటే హింసపడ్డవాళ్ళూ, పగబట్టినవాళ్ళూ అనిపిస్తే ఆ తప్పు పిల్లది కాదు.

2015లో ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ, ఎ.ఆర్. రహమాన్ సంగీతంతో ప్రవక్త బాల్యాన్ని తీశాడు. పిల్లవాడి ముఖం చూపకుండానే తల్లి ఆమినానీ, పాలిచ్చి పెంచిన హలీమానీ చూపించాడు. కథ బాల్యం దాటలేదు గనక ఖదీజా వంతు అక్కడా రాలేదు.

నియమాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒకరి భక్తికి మనం హద్దులు గీయకూడదు. ప్రవక్త ముఖం చూపించకుండా ఆయన్ని మనముందు నిలబెట్టిన దర్శకుడికి, ఖదీజా విషయంలో ఆ నేర్పు ఎందుకు గుర్తుకు రాలేదన్నదే నా బాధ.

రాత్రి వంటింట్లో అత్తగారికి ఒక హదీసు సంగతి చెప్పాను. ఖదీజా 619లో చనిపోయింది. తరవాత ఎన్నాళ్ళకి కూడా, మేకనో గొర్రెనో కోసినప్పుడు ప్రవక్త అందులో వంతులు ఖదీజా స్నేహితురాళ్ళ ఇళ్ళకి పంపేవారట. తానెన్నడూ చూడని ఆ ఖదీజా మీదే తనకి అసూయ కలిగేదని తరవాతి భార్య ఆయిషా స్వయంగా చెప్పుకుంది.

అత్తగారు గరిటె పక్కన పెట్టి కాసేపు ఆలోచించారు.

"ఎవరి ముఖమూ చూపించక్కర్లేదుగా! ఓ కుర్రాడు మాంసం గిన్నె పట్టుకెళ్ళి ఒక ముసలావిడ గుమ్మంలో ఇస్తాడు. ఎవరు పంపారో చెబుతాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంది. అంతే. ఆ మాత్రం తోచలేదుటే, అంత పెద్ద దర్శకుడికి?"