‘కొండపొలం’ - ప్రపంచీకరణ నేపథ్యం: ఒక పరిశీలన

ప్రపంచీకరణ అనగానే బహుళజాతి సంస్థలు, విదేశీ పెట్టుబడులు గుర్తుకు వస్తాయి. రాయలసీమ మెట్ట పల్లెల్లోకి అది వచ్చిన దారి వేరు. ఆ దారిని గమనించడానికి కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’ ఉపయోగపడుతుంది. దీనికి 2019లో తానా బహుమతి వచ్చింది. క్రిష్ దర్శకత్వంలో 2021లో సినిమాగా కూడా వెలువడింది.

కరువు రోజుల్లో మేత, నీళ్ళు దొరకక కాపరులు గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోయి, వారాల తరబడి అక్కడే ఉండటాన్ని కొండపొలం అంటారు. చదువు ముగించి, హైదరాబాదులో ఉద్యోగం దొరక్క ఊరు చేరిన యువకుడు తండ్రి వెంట అలా అడవికి వెళ్తాడు. 1991 తరువాతి సరళీకరణ విధానాలు, 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ మెట్ట ఇళ్ళలో ఒక ఆశను నాటాయి. అప్పు చేసైనా పిల్లవాణ్ణి ఇంజనీరును చేయాలన్నదే ఆ ఆశ. తీరా ఇంటర్వ్యూలో చూసేది ఇంగ్లీషు, తడుముకోకుండా మాట్లాడే తీరు. మేత జాడ, నీటి జాడ, పులి జాడ తెలిసిన తండ్రి విద్యకు అక్కడ మార్కులుండవు. ఈ కథ ఆ విద్యకు తిరిగి గౌరవం ఇస్తుంది. అడవి భాగమే ఇందులో ఉత్తమమైనది.

అభ్యంతరం ముగింపుతోనే. పులి ఎదుట భయం పోగొట్టుకున్న కథానాయకుడు సినిమాలో చివరకు అటవీ సర్వీసుకు ఎంపికవుతాడు. అంటే లోపం అతని పిరికితనంలోనే ఉందని, ఉద్యోగాల విపణిలో లేదని కథ ఒప్పుకున్నట్టే కదా! ధైర్యం ఉండి కూడా ఉద్యోగం రానివారి సంగతేమిటి? వచ్చే కరువులో ఆ మందను ఎవరు తోలుకుపోతారు? పని చేసుకుంటూనో, పని వెతుక్కుంటూనో ఈ పాఠం చదువుతున్న మీకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు.

సినిమాలో కలప దొంగలు కేవలం దుష్టులు. ఈ ప్రాంతంలో కలప దొంగతనం అంటే ముందుగా ఎర్రచందనమే. అది సహజంగా పెరిగేది ముఖ్యంగా కడప, చిత్తూరు కొండల్లో. గిరాకీ చైనా, జపాన్లలో. 1995 నుంచి దాని వ్యాపారంపై అంతర్జాతీయ నియంత్రణ ఉంది. అయినా గొడ్డలి పట్టేది చాలావరకు పొరుగు జిల్లాల, పొరుగు రాష్ట్రాల పేదలే. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడువారు. కథానాయకుణ్ణి ఇంటర్వ్యూ గదిలోంచి తిప్పి పంపిన ప్రపంచ విపణే అలాంటివారిని ఈ కొండలకు రప్పిస్తోంది. ఇద్దరినీ ఒకే అడవిలో నిలబెట్టి కూడా సినిమా ఆ బంధుత్వాన్ని చూడలేదు.