ఫాస్ఫేటు పట్టీ - అభివృద్ధి వాదం

పడమటి సహారాలో మొరాకో వేసిన రోడ్లనూ, కట్టిన పట్టణాలనూ లెక్కించి, అక్కడి అలజడికి కృతఘ్నత అని పేరు పెట్టే వ్యాసాలు కొన్ని చదివాను. ఆ లెక్కలతో నాకు పేచీ లేదు. లెక్క ఎక్కడ మొదలు పెట్టారన్నదే నా పేచీ.

బూక్రా గని నుండి సముద్రతీరానికి సుమారు 100 కిలోమీటర్ల పొడవున ఒక యంత్రపు పట్టీ ఫాస్ఫేటును మోసుకుపోతుంది. దానిని వేసింది స్పెయిన్. 1975 అక్టోబరులో హేగ్ న్యాయస్థానం, కొన్ని తెగల విధేయతను ఒప్పుకొంటూనే, ఆ నేలపై మొరాకోకు సార్వభౌమత్వం వుండేదని రుజువు కాలేదన్నది. నెల తిరిగేసరికి మాడ్రిడ్ ఒప్పందం కుదిరింది. పరిపాలనను మొరాకోకూ మారిటేనియాకూ విడిచిపెట్టిన స్పెయిన్, గనిలో 35 శాతం వాటాను మాత్రం విడిచిపెట్టలేదు! దేశం చేతులు మారింది, పట్టీ ఆగనక్కరలేదన్నమాట.

1991లో కాల్పుల విరమణతోపాటు వాగ్దానం చేసిన ప్రజాభిప్రాయ సేకరణ ఈనాటికీ జరగలేదు. 2010లో ఎల్ అయూన్ వెలుపల గ్దేమ్ ఇజిక్ వద్ద వేలాది సహరావీలు గుడారాలు వేశారు. వారడిగినవి ఉద్యోగాలు, ఇళ్లు. అభివృద్ధి వాదులు ఇప్పటికే ఇచ్చేశామంటున్నవి సరిగ్గా అవే! నవంబరులో బలగాలు ఆ గుడారాలను కూల్చాయి.

ఉత్పత్తి పెరిగితే చరిత్ర ముందుకు నడిచినట్లేనన్న భ్రమ మనవారిలోనూ లేకపోలేదు. ఆనకట్టల ఎత్తును బట్టి ప్రభుత్వాలను మెచ్చుకున్నవారిలో నేనూ వున్నాను. మన దేశం 1985లో సహరావీ గణతంత్రాన్ని గుర్తించింది. 2000లో ఆ గుర్తింపును వెనక్కు తీసుకొన్నది.