కందిగింజంత తలపాగా

శ్రావణ శనివారమునాడు గండి వీరాంజనేయుని దర్శించుకొని, పాపఘ్ని ఒడ్డున బొరుగులు, బొమ్మలు అమ్ము అంగళ్ల నడుమ మెల్లగా నడచివచ్చుచుండగా, ప్రొద్దుటూరినుండి వచ్చిన నా మిత్రుని మనుమడు, ఇంజనీరింగు చదువుచున్న యువకుడు, అట్టపెట్టెలో దూది పరచి పదిలముగా తెచ్చిన తన విమానమును నా చేతిలో నుంచి, "ఎట్లుండాది తాతా?" అని అడిగెను. అది సాప్‌విత్ కామెల్. 1917 నాటి ఆంగ్ల యుద్ధవిమానమునకు నలువదియెనిమిదింట ఒక వంతు నమూనా. రెక్కల ఈ కొనకును ఆ కొనకును జానెడుకంటె రవంత తక్కువ. అతుకు ఎచ్చటను కానరాదు. రెండు రెక్కల నడుమ తీగలు చక్కగా బిగిసియున్నవి. కాని క్రింది రెక్కనిండ బురద చిందులు, దేహము పొడవునను నూనె చారలు, తోకకు సమీపమున సూదిమొనతో పొడిచిన తూటా రంధ్రములు! "బాగుండాది నాయనా" అని నోరు పలికెను గాని, మనస్సు ఆ మాటకు సాక్ష్యము చెప్పలేదు.

ఈ శీర్షికను విడువక చదువు పాఠకులకు నా పట్టుదలలు తెలియనివి కావు. పి.సి.10 అను పేరుగల ఆనాటి ఆంగ్ల విమానముల పూత ఆకుపచ్చయా, గోధుమయా అను వివాదమును మరల ఎత్తనని సంక్రాంతికి మాట ఇచ్చియున్నాను గావున ఎత్తను. పచ్చమన్నును దీపపు మసిని కలిపిన ఆ పూత కాలక్రమమున గోధుమవన్నెకు తిరుగునని మాత్రము, మాట తప్పకుండగనే, మరియొకసారి మనవి చేయుచున్నాను. ఇక రెండవ పట్టుదల, బొమ్మను మలినపరుపరాదనుట. నా చిన్ననాట మదరాసు మౌంటు రోడ్డులో ఒక అంగడి అద్దము వెనుక ఎయిర్‌ఫిక్స్ వారి విమాన నమూనాల పెట్టెలను చూచి, కొనుటకు చేత కాసులు లేక, పెట్టె మీది చిత్రమునే కంఠస్థము చేసినవాడను నేను. ఆనాడు భాగములను కాడనుండి త్రుంచి, ఆకురాయితో నునుపు చేసి, అతికి, రంగు వేసి, గుర్తులను నీట నానవేసి అంటించినచో పని ముగిసెడిది. నేడు అటుపిమ్మటనే అసలు పని ఆరంభమగుచున్నది. తుప్పును, మసిని, బురదను సీసాలలో పోసి అమ్మువారు కలరు, కొనువారును కలరు. కడప జిల్లాలో పుట్టినవాడు వెలపెట్టి మట్టి కొనుట ఎట్టి వింత!

మేము నిలిచియున్న స్థలము గూడ నా పక్షముననే ఉన్నట్లు తోచెను. గండి కథ మన ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. అయినను దూరదేశపు పాఠకులకొఱకు రెండు మాటలు. పాపఘ్ని శేషాచలపు కొండను నిలువున చీల్చుకొని పారు ఈ ఇరుకున వాయుదేవుడు తపస్సు చేసెననియు, లంకనుండి మరలివచ్చు శ్రీరామునికై ఆ కొండకును ఈ కొండకును నడుమ బంగారు తోరణము కట్టెననియు, రాముడు ఇచట విశ్రమించి బాణపు మొనతో శిలపై ఆంజనేయుని రూపు గీచి, ఎడమచేతి చిటికెనవ్రేలు మాత్రము పూరింపక విడిచెననియు స్థలపురాణము. తరువాత ఒక శిల్పి ఆ రేఖలవెంట ఉలి నడపి, విడిచిన వ్రేలిని గూడ చెక్కబూనగా రాతినుండి రక్తము స్రవించెనట. ఆ తోరణమును మదరాసు గవర్నరు మన్రో దొర కన్నులార చూచెననియు, మరణమాసన్నమైన పుణ్యాత్ములకే అది కనబడుననియు వృద్ధులు చెప్పుదురు. మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించుట చరిత్ర. తోరణము సంగతి భక్తులకు వదలుచున్నాను. నా మనస్సునకు పట్టినది ఆ వ్రేలు. చేసినవాడు విడిచినదానిని ఇంకొకడు పూరింపబూనుట అపచారము. వాయువు పేరిట వెలసిన క్షేత్రమున, వాయుపుత్రుని సన్నిధిలో, గాలిలో ఎగురు యంత్రమును చేతబట్టుకొనియున్న ఆ పిల్లవానికి ఇంతకంటె తగిన పాఠమెయ్యది? ఇంటికి వచ్చి అదేవిధముగా వ్రాయ సంకల్పించి, కలము తీసికొని కూర్చుంటిని.

కూర్చుండగా ఆముదము అడ్డుపడెను.

కామెల్ విమానపు ఇంజను ఒక విచిత్ర సృష్టి. దాని ఇరుసు కదలదు. సిలిండర్లే, ముందున్న పంకాతోకూడ, గిరగిర తిరుగును. అట్టి ఇంజనునకు పెట్రోలులో కలసిపోని నూనె కావలెను. ఆ గుణము ఆముదమునకు కలదు. అయితే ఆ ఇంజను వేసికొన్న నూనెను దాచుకొనునది కాదు. వాడినదానిని వాడినట్లే వెలుపలికి చిమ్మును. అందుచేత దేహము క్రిందిభాగమెల్ల జిడ్డు చారలతో నిండెడిది. వైమానికుని ముఖముపై ఆముదపు తుంపర పడెడిది. దానిని పీల్చిన కడుపు ఏమగునో మన యిండ్లలో ఎవరిని అడిగినను చెప్పుదురు. ఆముదపు గింజల ఎగుమతిలో మన దేశము ఆనాడు అగ్రగణ్యము. ఆ పంటకు హైదరాబాదు సంస్థానము పేరుపడ్డది. మొదటి ప్రపంచయుద్ధము ముదిరి విమానములు పెరిగినకొలది ఆముదమునకు కఱవు వచ్చి, అమెరికా ప్రభుత్వము భారతదేశమునుండి విత్తనములు తెప్పించి 1918లో ఫ్లారిడా మొదలగు దక్షిణ రాష్ట్రములలో చల్లించెను. ఇట్టి చరిత్ర గల నూనె చారను తుడిచి, పెండ్లికొడుకువలె ముస్తాబుచేసిన కామెల్‌ను అద్దాల బీరువాలో నిలిపినచో అది కామెల్ కాజాలదు. చార యుండవలెను. బురదయును, పచ్చికబయళ్లలో దిగు విమానము కావున, ఉండిన ఉండుగాక.

ఇక తూటా రంధ్రములు. ఇచట హర్‌దిత్ సింగ్ మలిక్ అను మహనీయుడు అడ్డుపడెను. 1894లో రావల్పిండిలో జన్మించి, ఆక్స్‌ఫర్డులో చదివి, ససెక్స్ పక్షమున క్రికెట్ ఆడిన ఈ పంజాబీ యువకుడు యుద్ధము రాగానే వైమానికదళమున చేరగోరగా, భారతీయునికి అధికారి పదవి ఇచ్చుటకు ఆంగ్లేయులకు మనసొప్పలేదు. ఆయన ఫ్రాన్సుకు పోయి క్షతగాత్రుల బండి నడపెను. ఫ్రెంచివారు తమ వైమానికదళమున చేర్చుకొన సిద్ధపడినంతట, ఆక్స్‌ఫర్డులోని గురువు ఆంగ్ల వైమానికదళ సేనాని హెండర్సనుకు లేఖ వ్రాసి, ఫ్రెంచివారికి పనికివచ్చువాడు మనకేల పనికిరాడని నిలదీసెను. 1917లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో ప్రవేశము దొరికెను. అప్పుడు ఇంకొక చిక్కు వచ్చినది. సిక్కు తలపాగా తీయడు. తోలు శిరస్త్రాణము లేనిదే గగనమున చలికి ఆగజాలడు. తలపాగాపై పట్టునట్టి పెద్ద శిరస్త్రాణమును లండనులో ప్రత్యేకముగా కుట్టించుకొని ఆయన ఆ చిక్కు విడదీసికొనెను. ఆ వింత వాలకమును చూచి తోటివారు ఎగిరెడి భూతమని పరిహాసము చేసిరట. 28వ స్క్వాడ్రనులో, ప్రసిద్ధ వీరుడగు బార్కరు వెంట, ఆయన నడపినది కామెలే. 1917 అక్టోబరు 26న కాలిలో తూటాలు దిగి నేలకు దిగగా, విమానమున 400లకు పైగా రంధ్రములు లెక్కకు వచ్చినవి. ఆ తూటాలను కాలిలో మోయుచునే ఆయన స్వతంత్రభారతమునకు ఫ్రాన్సులో రాయబారిగా పనిచేసి, గాల్ఫ్ ఆడుచు, 1985 వఱకు జీవించెను. మన పిల్లవాని కామెల్‌పై నేను లెక్కించిన రంధ్రములు పట్టుమని పది లేవు.

కావున బురదకును, చారకును, రంధ్రములకును నేను చెప్పదలచిన ఆక్షేపణలు ఒక్కటొక్కటిగా రాలిపోయినవి. కాని అసంతృప్తి మాత్రము పోలేదు. మరల ఆ విమానమును మనస్సున నిలుపుకొని చూడగా దోషమెచ్చటనో కనుగొంటిని. యంత్రమునకు అంత శ్రమపడిన ఆ యువకుడు వైమానికుని మాత్రము పెట్టెలో వచ్చినవానిని వచ్చినట్లే, రోజావన్నె బుగ్గలతో, కూర్చుండబెట్టినాడు. నేల బురద విమానమునకు అంటినది గాని మనిషి కంఠవస్త్రమునకు ఆముదపు చుక్కయైన తగులలేదు. విమానము యుద్ధమునుండి వచ్చినది. మనిషి బొమ్మలపెట్టెనుండి వచ్చినాడు. ఈ లోపము మనవాని ఒక్కనిదే కాదు. ఈ కళలో నెలలకొలది తీగలను సవరించువారు వైమానికునికి ఒక సాయంకాలమైన ఇయ్యరు. అధికసంఖ్యాకులు ఆసనమును ఖాళీగానే విడుతురు. నడుపువాడు లేని విమానము ఎంత నిర్దుష్టమైనను నాకు దొంగిలించి తెచ్చిన సొత్తుగా కనబడును.

రాముడు విడిచిన వ్రేలు ఎఱిగి విడిచినది. పెట్టె చేసినవాడు విడిచినది ఎఱుగక విడిచినది. అచట ఉలి అపచారము. ఇచట ఉలి పట్టకుండుట అపచారము. ఆనాడు ఆంగ్లదళమున మలిక్ వలెనే యుద్ధవిమానములు నడపిన భారతీయులు మరి మువ్వురు కలరు: 1918 జులైలో 13 దినములలో 10 విజయములు సాధించి, ఇరువదేండ్లైన నిండకుండ నేలకొరిగిన కలకత్తా బాలుడు ఇంద్రలాల్ రాయ్, శత్రువులకు చిక్కి బందీయైన సేన్, తిరిగిరాని బొంబాయి వెలింకర్. నలుగురిలో తెలుగువాడు లేడు. ఉన్న నలుగురికైనను మన బీరువాలలో చోటు దొరకవలెనన్నచో కత్తి మనమే పట్టవలెను.

అది దుస్సాధ్యమును కాదు. నలువదియెనిమిదింట ఒక వంతు మనిషి తల కందిగింజంత. మలిక్‌ను తీర్చుటకు పెట్టెలోని మనిషి శిరస్త్రాణమును మెడవఱకు ఆకురాయితో అరగదీసి, ఆ చోట తలపాగా ఉబ్బుతో పెద్ద శిరస్త్రాణమును నిలుపవలెను, గడ్డము తీర్పవలెను. ఇందుకు సీమనుండి, కలిపినంత గట్టిపడు రెండు గొట్టముల ముద్ద తెప్పించువారు తెప్పింతురుగాక. నేను మాత్రము కొండపల్లివారి మక్కుతోనే చేయుచున్నాను. చింతగింజల జిగురును రంపపు పొట్టుతో కలిపి, పొణికి కొయ్యపై అంబారీ ఏనుగుల తొండములు వారు తీర్చునది ఆ మక్కుతోనే. కందిగింజంత తలకు ఆ పొట్టు మోటు. దానిని వస్త్రగాళితము చేసికొనవలెను. ఆరినపిమ్మట పగులు కనబడినచో జిగురునీటితో తడిపి వ్రేలికొనతో అదిమిన సరిపోవును. శిరస్త్రాణమునకు తోలువన్నె, బుగ్గలపై రోజాకు బదులు గోధుమ, కంఠవస్త్రముపై ఒక ఆముదపు చుక్క. అంతే పని.

నా బల్లమీద ప్రస్తుతమున్నది ఇంకొక జాతి విమానము: డి.హెచ్.9ఏ, ముప్పదిరెండింట ఒక వంతు, రెక్కల పొడవు మూరెడు. న్యూజిలాండులో 2020లో మూతపడిన వింగ్‌నట్ వింగ్స్ వారి పెట్టె అది. ఇకముందు నేను ఇంతటి పెట్టెను కొనగలనని ఆశ లేదు. దీనిని ఎన్నుకొనుటకు కారణము హైదరాబాదు. మొదటి యుద్ధములో 110వ స్క్వాడ్రనునకు ఈ జాతి విమానములను ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా సమకూర్చగా, ఒక్కొక్క దానిపై ఆ దాతృత్వము తెలుపు వ్రాత ఉండెడిది. దళమే హైదరాబాదు స్క్వాడ్రను అనిపించుకొనెను. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరిన ఈ దళము, పగటివేళ జర్మనీ నగరములపై బాంబులు వేయుచు, యుద్ధము ముగియులోపల 17 విమానములను శత్రువులకును, 28 విమానములను ప్రమాదములకును అర్పించెను. హైదరాబాదు పేరు మోసిన ఆ విమానములను హైదరాబాదువాడెవ్వడును నడుపలేదు. చమత్కారమేమన, నాలుగువందల అశ్వశక్తి గల వాని లిబర్టీ ఇంజనులు అమెరికావి. తిరుగుడు ఇంజనులు కావు. ఆముదము పండించు సంస్థానపు ధనము ఆ ఇంజనులకు వినియోగమైనది గాని, ఆముదము మాత్రము అన్య విమానములలో వ్యయమైనది. ఆ ధనము వెనుక ఎవరి శిస్తు ఉన్నదో తెలిసియు నేను ఆ వ్రాతను నమూనాపై వ్రాయుచున్నాను. మానినచో రైతు పేరు తెలియుటకు బదులు దాత పేరు గూడ చెరగును.

ఆ దళపు విమానములలో ఒకటి, ఎఫ్1010 అను సంఖ్యగలది, 1918 అక్టోబరు 5న జర్మనుల చేతచిక్కి, బెర్లినులో ప్రదర్శనవస్తువై, రెండవ యుద్ధకాలమున తూర్పునకు తరలి పోలండులో తేలి, 1977లో ఒక స్పిట్‌ఫైరుకు మారుగా ఇంగ్లండు చేరినది. లండనులో హెండన్ నందలి రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియము దానిని కాపాడుచున్నది. నా నమూనాకు కావలసిన తీగలను ప్రొద్దుటూరి కంసాలి ఒకరు కమ్మచ్చునుండి మిల్లీమీటరులో ఐదవవంతు మందమునకు లాగి ఇచ్చినారు. అంతకు మించి సన్నము ఈ పరిమాణమునకు అక్కరలేదు. ఇక కావలసినది తీగల కొనలు క్రింది రెక్కను పట్టుకొను కీలము యొక్క స్వరూపము. లండనులో బిడ్డలున్న పాఠకులు, మనుమలను చూడబోయినపుడు ఒక పూట హెండన్ వెళ్లి, ఎడమవైపు క్రింది రెక్కపై ఆ కీలమును దగ్గరనుండి ఫోటో తీసి పత్రిక చిరునామాకు పంపవలసినదిగా ప్రార్థించుచున్నాను.