శక్తి పాఠంలో మరచిన అడినోసిన్

జీవశాస్త్ర పాఠాల్లో ఏ.టి.పి.ని కణానికి ‘ఎనర్జీ కరెన్సీ’ అని పరిచయం చేస్తారు. పోలిక మంచిదే. కాని పాఠం సాధారణంగా అక్కడే ఆగిపోతుంది. ఏ.టి.పి.లోని ‘ఏ’, అంటే అడినోసిన్, విడిగా చేసే పని గురించి విద్యార్థికి తెలియకుండానే పోతుంది.

నిజానికి ఈ రెండు విషయాలూ ఒకే ఏడాది, 1929లో, వెలుగుచూశాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో కండరంలోని ఏ.టి.పి.ని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుగొన్నారు. అడినోసిన్ గుండె వేగాన్ని తగ్గిస్తుందని కేంబ్రిడ్జిలో డ్రూరీ, సెంట్ జ్యోర్జి చూపారు. మొదటిది పాఠమైంది, రెండవది వైద్య విద్యార్థులకే పరిమితమైంది.

దీనివల్ల నష్టమేమిటి? భిలాయి వంటి ఊరిని తీసుకోండి. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ ఉక్కునగరంలో రాత్రి షిఫ్టు నిత్యజీవితంలో భాగం. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఇది తెలిసిందే. ‘టీ తాగితే శక్తి వస్తుంది’ అన్న మాట ఎక్కడైనా వినిపిస్తుంది. అది సరికాదు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పోగవుతుంది. నాడీకణాల మీది గ్రాహకాలకు అంటుకొని నిద్ర తెప్పిస్తుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ ఆ గ్రాహకాలను ముందే ఆక్రమించి అడినోసిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. అలసట తెలియదు, నిద్ర బాకీ మాత్రం తీరదు. తెల్లవారి బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లే కార్మికుడికి ఈ తేడా తెలియడం ప్రాణావసరం.

ఆసుపత్రిలో ఇదే అడినోసిన్ మందు. గుండె పైగదులకూ కిందిగదులకూ మధ్యనున్న ముడి గుండా సాగే కొన్ని అతివేగపు స్పందనలను ఆపడానికి వైద్యులు దీన్ని సిరలోకి వేగంగా ఎక్కిస్తారు. పెద్దలకు మొదటి మోతాదు సాధారణంగా 6 మిల్లీగ్రాములు. అది ఆ ముడిలో విద్యుత్ సంకేతాన్ని క్షణకాలం నిలిపివేస్తుంది. గుండె మళ్లీ తన లయ అందుకుంటుంది. రక్తంలో మందు సగానికి తగ్గడానికి 10 సెకన్లు కూడా పట్టదు. ఉబ్బసం ఉన్నవారిలో మాత్రం ఇది శ్వాసనాళాలను బిగించవచ్చు. కెఫీన్‌గాని, ఉబ్బసం మందు థియోఫిలిన్‌గాని ఒంట్లో ఉంటే దీని ప్రభావం తగ్గుతుంది. కారణం పైన చెప్పిన గ్రాహకాలే.

శక్తి పాఠంలో ఇదంతా చేర్చనక్కరలేదు. ఏ.టి.పి. ఖర్చయినప్పుడు ఏర్పడే అడినోసిన్ శరీరాన్ని విశ్రాంతి కోరుతుందని, కెఫీన్ ఆ కబురును అడ్డగిస్తుందని రెండు వాక్యాలు చాలు. పరీక్షలో మార్కులు రాకపోయినా, రాత్రంతా మేలుకొని చదివే విద్యార్థికి అవి పనికివస్తాయి.