అతుకులోని బిగువు: ఉక్కు పూరక లోహముల గుణదోష విచారము

సోలాపూరు పూర్వభాగమున పద్మశాలీలు మొదలగు తెలుగు నేతవారు తరతరములుగా నివసించుచున్నారు. 1877లో వెలసిన పాత మిల్లు కాలమునుండి నేటి మరమగ్గములవరకు వారి బ్రదుకు యంత్రముతో ముడివడియున్నది. యంత్రభాగము విరిగినచో వెల్డింగు తప్పదు. అతికినచోటనే అది మరల విరిగినచో నింద పనివానిపై పడును. ఈ నింద అన్నివేళల న్యాయమేనా? అతుకులలోని బిగువును తగ్గించుటకు శాస్త్రజ్ఞులు కూర్చిన పూరక లోహములను పరిశీలించినచో ఈ ప్రశ్నకు సమాధానము లభించును.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. పాఠ్యగ్రంథములు ఈ బిగువును 'అవశిష్ట ప్రతిబలము' అనుచున్నవి. ఈ పదము, పని ముగిసినపిదప మిగిలిన మడ్డివంటిదేదో యను భ్రమ కలిగించును. నిజమునకు ఇది లోపల బంధింపబడిన బలము. అంచుపోగులు నడిమిపోగులకన్న బిగువుగా పడినను, మగ్గముమీద వస్త్రము చదునుగనే కనబడును. దించినపిదప ముడుతలు పడును. అతుకునందును ఇట్లే. కరిగిన లోహము చల్లారుచు కుంచించుకొనబోవును; చుట్టునున్న చల్లని ఉక్కు దానిని అడ్డగించును. ఆ పెనుగులాటయే బిగువై నిలుచును. కావున 'లోబిగువు' అను మాట మనకు సుబోధకము.

ఉక్కు చల్లారునపుడు ఒక దశలో దాని స్ఫటికనిర్మాణము మారి, లోహము కొంత వ్యాకోచించును. సామాన్య పూరక లోహములలో ఈ మార్పు అధికోష్ణతయందే ముగియుటచే, పిదప కలుగు సంకోచము ఆ మేలును హరించును. ఈ మార్పు జరుగు ఉష్ణోగ్రతకును లోబిగువునకును గల సంబంధమును 1977లో ఇంగ్లండున జోన్సు, ఆల్బెరీ అనువారు నిరూపించిరి. 1999లో జపానున ఓటా బృందము నూటికి పదేసిపాళ్లు క్రోమియము, నికెలు గల పూరకమును ప్రకటించెను. దానియందు మార్పు సుమారు 180 డిగ్రీల సెంటిగ్రేడువద్ద మొదలై, గది ఉష్ణోగ్రతకు ముగియును. చివరనున్న ఆ వ్యాకోచము అంతకుముందరి సంకోచమును రద్దుచేయును. అతుకున లాగుడుకు మారుగా నొక్కుడు మిగులును. నొక్కుడులో పగులు సులభముగా పెరగదు. పుట్టిన బిగువును పిదప కొలిమిలో వేడిచేసి పోగొట్టుటకన్న, పుట్టకుండ చేయు ఈ యుపాయము మిక్కిలి ప్రశంసనీయము.

అయినను దీనిని సర్వరోగనివారిణిగా చాటుట తగదు. బలములు సమతూకమున నుండవలెను గనుక, ఒకచోట నొక్కుడు కలిగినచో మరియొకచోట లాగుడు తప్పదు. పొరమీద పొర వేయునపుడు, క్రింది పొర ముందే మార్పుచెందినచో ఫలితము తగ్గును. మూలలోహము కరిగి కలియుటచే పూరకపు కూర్పు చెదరును. మార్పుష్ణోగ్రతను మరీ తగ్గించినచో మార్పు సగములోనే నిలిచిపోవును. గట్టిదనముతోపాటు పెళుసుదనమును రావచ్చును. నికెలు ఖరీదును తక్కువ కాదు.

మన మగ్గముల విషయమున మరియొక భేదము కలదు. పాతరకపు మరమగ్గముల ప్రక్కచట్రములు సాధారణముగా పోతయినుపవి. ఆ యినుములోని అధికమగు కర్బనము అతుకునందు చేరి, ఈ కొత్త పూరకపు లెక్కను తారుమారు చేయును. అతుకును పెళుసుగా మార్చును. అచ్చట నికెలు ఎలక్ట్రోడుతో పొట్టి పొట్టి గీతలుగా అతికి, వేడిగానున్నపుడే సుత్తితో మెల్లగా తట్టి, నెమ్మదిగా చల్లార్చుట మేలు. సుత్తిదెబ్బ అతుకును సాగదీయును. అనగా మిశ్రలోహము లోపలినుండి చేయు పనినే సుత్తి పైనుండి కొంతవరకు చేయుచున్నది. నిమిషమునకు 120 పేకలు వేయు మగ్గము ఎనిమిది గంటలలో 57,600 మారులు అదరును. లోబిగువు నిండిన అతుకు ఆ యదురులకు ఎంతకాలము నిలుచును?

కావున చేతిపని చక్కగానున్నను అతుకు విరుగవచ్చును. పనివానిని నిందించుటకు ముందు, ఏ లోహమును, ఏ పూరకముతో, ఎట్లు చల్లార్చితిమని విచారించుట న్యాయము. కొత్త పూరకములు ఉక్కు కట్టడములకు గొప్ప వరము. పోతయినుప చట్రమునకు మాత్రము అనుభవశాలియగు పనివాని సుత్తియే నేటికిని శరణ్యము.