కుప్పలో పై సగం, కింది సగం

మే నెలలో ఆంధీ వీచిన మర్నాడు ఢిల్లీలో ఏ ఆఫీసుకైనా వెళ్లి చూడండి. బల్ల మీద ఏ ఫైలును ఎవరూ ముట్టుకోవడం లేదో దుమ్మే చెప్పేస్తుంది.

కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్‌గా పనిచేసే గుంటూరు మిత్రుడొకడు ఉన్నాడు. అతని బల్ల అద్దం కింద వెంకన్న బొమ్మ, సెలవుల జాబితా, ఇంటర్‌కమ్ నంబర్లు. అద్దం మీద ఫైళ్లే ఫైళ్లు. ఒక్కోదానికి తెల్ల ట్యాగు, పక్కనుంచి తొంగిచూసే ఫ్లాగు చీటీలు. ‘‘ఇంత చెత్తలో పనెలా చేస్తావయ్యా?’’ అన్నాను.

‘‘చెత్త కాదు గురూ, రేపటి పని. బీరువాలో పెడితే మర్చిపోతా.’’

అమెరికా పరిశోధకుడు థామస్ మలోన్ ఆఫీసు బల్లల మీద 1983లో రాసిన వ్యాసంలో తేల్చిందీ దాదాపు ఇదే. కాగితాలు బల్ల మీద ఉంచుకునేది వెతికితే దొరకడానికే కాదు, పని గుర్తు చేయడానికి కూడా. మొదటిదానికి సర్దిన బల్ల మంచిది, రెండోదానికి కుప్పే మేలని నా లెక్క.

అలాగని మిత్రుణ్ణి పూర్తిగా వెనకేసుకురాలేను. అతని కుప్పలో పై సగమే పని. కింది సగం భయం. ముగిసిన ఫైలును ఏం చేయాలో సచివాలయ నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. ఎ, బి, సి అని వర్గాలు చేయాలి. సి వర్గం ఫైళ్లకు గడువు పదేళ్లు మించదు. శాశ్వతంగా ఉంచాల్సినవి 25 ఏళ్లు దాటితే జనపథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. నిబంధన ఉంది, చింపడానికే చెయ్యి రాదు. రేపు ఆడిట్ వాళ్లు అడిగితే? ఎవరైనా సమాచార హక్కు దరఖాస్తు పెడితే? దాచినందుకు మెమో ఇచ్చినవాళ్లను నేను చూడలేదు.

2021 నుంచి ఏటా అక్టోబరు 2 మొదలు 31 వరకు కేంద్రం నడుపుతున్న ప్రత్యేక కార్యక్రమం అందుకే నాకు నచ్చింది. పెండింగ్ వ్యవహారాలు తేల్చడం, పాత రికార్డు ఏరెయ్యడం, తుక్కు అమ్మడం అన్నీ ఒకే నెలలో. అమ్మకంతో కోట్ల రూపాయలు వస్తున్నాయి, సరే. అసలు మేలు వేరు. చింపడానికి పైనుంచి ఒక ఉత్తర్వు దొరికింది, ఆ భారం ఒక్క గుమాస్తా నెత్తిన లేదు.

గురుగ్రామ్ కంపెనీల్లో చాలాచోట్ల బల్లే మనది కాదు. పొద్దున ఖాళీ సీటు వెతుక్కోవాలి, సాయంత్రం అంతా సర్దుకుని లేవాలి. ఇదంతా పని చురుగ్గా సాగడానికే అనుకుంటారు. ఐఎస్ఓ 27001 ప్రమాణం బల్ల ఖాళీగా ఉంచమనేది మాత్రం సమాచారం బయటికి పొక్కకూడదని. (అద్దె కలిసిరావడం ఇంకో సంగతి.) చేయాల్సింది ఎంత మిగిలిందో ఆ నున్నటి బల్ల చెప్పదు. చదవని మెయిళ్లను అడగాలి.

మిత్రుడి శాఖలోకీ ఈ-ఆఫీస్ వచ్చింది. తెర మీద లావు ఫైలూ సన్న ఫైలూ ఒకే గీత. ఏది ఎన్నాళ్లుగా మూలుగుతోందో చూడగానే తెలియదు. దాంతో తేల్చాల్సిన ఫైళ్ల నంబర్లు చీటీల మీద రాసి మానిటర్ చుట్టూ అంటించుకుంటున్నాడు.

‘‘మళ్లీ మొదలెట్టావా?’’ అన్నాను.

‘‘వీటిని ఆడిట్ వాళ్లు అడగరు. పనైపోతే చింపేయొచ్చు’’ అన్నాడు, ఒకటి పీకి బుట్టలో వేస్తూ.